నిండుకున్న నీళ్లు, మునిగిన కొరమీను

చేపను నీళ్లలో ముంచి చంపొచ్చని చెబితే మా డిగ్రీ పిల్లలు ఏటా నవ్వుతారు. నేను ఏలూరులో జువాలజీ చెబుతాను. కొరమీను పాఠం వచ్చినప్పుడల్లా ఆ నవ్వు కోసమే ఆ మాట అని, తర్వాత సంగతి విప్పుతాను. కొరమీనుకు మొప్పలున్నా అవి దాని ఒంటికి చాలవు. మొప్పల పైన, తలలో రెండు పక్కలా చిన్న గదులుంటాయి. వాటి లోపల ముడతలు ముడతలుగా పలచటి పొర, ఆ పొర అంతటా సన్నటి రక్తనాళాలు. చేప పైకొచ్చి నోరు తెరిచి గాలి మింగి ఆ గదుల్లో నింపుకుంటుంది. పైకి రానివ్వకపోతే నీళ్లలోనే ఊపిరాడక చచ్చిపోతుంది. ఇంత జ్ఞానం ఉండి కూడా హోసూరులో ఒక కొరమీనును నేనే ముంచి చంపించాను. ఎలాగో చెబుతాను.

నలభై దాటాక నేను పీహెచ్‌డీలో చేరడం మా ఇంట్లో నాకు తప్ప అందరికీ సరదాగా ఉంది. నా పని, ఆ పొరలోని కణాలను చేప నుంచి తీసి గాజు పళ్లెంలో బతికించి పెంచడం. పొర గాలికీ బురదకీ తెరిచి ఉండేది కాబట్టి దానిమీద ఉండని క్రిమి లేదు. చేసిన ప్రతిసారీ బూజు పట్టింది. మా ఇంట్లో ఆవకాయకు ఏనాడూ పట్టని బూజు నా పళ్లేలకు మాత్రం ఠంచనుగా పట్టేది. చివరికి మా గైడుగారు, "ఈ టర్ములో కణాలు బతికితే థీసిస్ రాయండి. లేకపోతే రిజిస్ట్రేషన్ వదిలేసి హాయిగా పాఠాలు చెప్పుకోండి" అన్నారు. మా ఆయన ఆ రెండో దారి చాలా బాగుందన్నారు. ఆ మాటతో నాకు ఒళ్లు మండి హోసూరుకు బస్సెక్కాను.

హోసూరు: స్టీలు సామాన్ల వెనక వాటా

హోసూరే ఎందుకంటే సుజాత అక్కడుంది. మా ఊరి పిల్లే, నాతో చదువుకుంది. అక్కడి మందుల కంపెనీలో పరీక్షల విభాగంలో ఉద్యోగం. ఆదివారం ఒక బల్ల ఖాళీగా ఉంటుందనీ, వాళ్ల మేనేజరు సరేనన్నాడనీ ఫోను చేసింది. చేప తలలోంచి తీసిన ముక్క వెంటనే పళ్లెంలోకి పోవాలి, అందుకని చేప కూడా అక్కడిదే కావాలి. కొల్లేరు పక్కన పుట్టినదాన్ని కొరమీను కోసం హోసూరు అవతలి కృష్ణగిరికి వెళ్తున్నానని మా వీధిలో ఎవరికీ చెప్పలేదు.

హోసూరులో దిగగానే నాకు ముందు తగిలింది చలి. అక్టోబరులో మేము ఫ్యాన్ల కింద ఉడుకుతుంటే వీళ్లు పొద్దున్నే స్వెట్టర్లు తొడుక్కుని రోజాపూల మోపులు మోస్తున్నారు. ఒకే వీధిలో బోర్డు తమిళంలో, బేరం కన్నడంలో, తిట్లు తెలుగులో. తిట్లన్నీ అర్థమయ్యేసరికి సొంతూళ్లో ఉన్నట్టే అనిపించింది. హోటల్లో పొంగలి మీద వేసిన నెయ్యి చూశాక ఇంకా నచ్చింది.

సుజాత ఉండేది ఒక స్టీలు సామాన్ల కొట్టు వెనక, మేడ మీద వాటాలో. కొట్టూ ఇల్లూ రుక్మిణమ్మగారివి. పూర్వం ఎప్పుడో కడప వైపు నుంచి వచ్చి స్థిరపడిన వర్తకుల కుటుంబం. అరవై దాటిన మనిషి, ఉల్లిపాయ కూడా తినరు. అలాంటి ఇంటికి నేను బతికిన చేపను తేబోతున్నాను.

"ఏమీ అనుకోరు. నేను చెప్పేశాలే" అంది సుజాత.

"ఏమని?"

"పరీక్ష చేసి మళ్లీ చెరువులో వదిలేస్తావని."

నేను తల ఊపాను. ఆ తల ఊపడమే తర్వాత నా మెడకు చుట్టుకుంది.

రుక్మిణమ్మగారు నాకు కాఫీ ఇచ్చి, గ్లాసులో సగం మిగిలిందని మళ్లీ పోశారు. ఇంకాస్త తాగి కింద పెడితే మళ్లీ పోశారు. మా వైపు అతిథి చాలంటే రెండోసారితో ఆపుతారు. ఇక్కడ గ్లాసు బోర్లిస్తేగాని ఆపరని సుజాత చెవిలో చెప్పేసరికి నా గుండె దడదడలాడుతోంది.

కృష్ణగిరి: నల్లది, మంచిది

మర్నాడు శనివారం కృష్ణగిరి. ఆనకట్ట దగ్గర చేపలమ్మే మునియప్పకు ముందే ఫోను చేసి ఉంచాను. చెరువుల్లో మేత వేసి పెంచిన కొరమీను కాస్త పాలిపోయి ఉంటుంది. నాకు జలాశయంలో తిరిగిన చేప, వీపు నల్లగా ఉన్నది కావాలి. సుజాత దగ్గర రెండు తమిళ మాటలు నేర్చుకున్న గర్వంతో ఫోనులో, "నల్ల మీన్ వేణుం, విరాల్" అన్నాను. విరాల్ అంటే తమిళంలో కొరమీను. ఆయన "సెరి సెరి" అని పెట్టేశాడు. పరాయి భాషలో పని చక్కబెట్టానని ఆ పూట నేను కాస్త గాలిలోనే నడిచాను.

కృష్ణగిరి బస్టాండు మామిడికాయల కాలం అయిపోయి విశ్రాంతి తీసుకుంటున్నట్టుంది. గుజ్జు డబ్బాల ప్రకటనలు మాత్రం గోడలనిండా పండుతున్నాయి. ఆనకట్ట దగ్గర చేపలు వేయించే బండ్ల వరస. కారం పట్టించిన చేపల్ని పెద్ద పెనాల మీద కాలుస్తుంటే, ఏలూరు మనిషినైన నాకు కూడా పరిశోధన సంగతి కాసేపు గుర్తు రాలేదు.

మునియప్ప నన్ను చూసి సంబరంగా ఒక అరిటాకు పొట్లం చేతిలో పెట్టాడు. విప్పితే కొరమీనే. పొలుసు గీకి, పేగులు తీసి, పసుపూ ఉప్పూ రాసి, ముక్కలు కోసి ఉంది. తల కూడా అడ్డంగా రెండు చెక్కలు. నేను కోయాల్సిన గదులు రెండూ ఆ చెక్కల మధ్య పసుపు పూసుకుని పడున్నాయి.

"ఇదేంటండీ, నేను నల్లది కదా అడిగాను" అన్నాను, ఏడుపు ఆపుకుని.

"నల్లదే గదమ్మా. దీనికన్నా నల్ల మీను ఈడ యాడా దొరకదు. తెల్లారే పట్టినాను, మా ఆడోళ్ల చేత బాగా చేయించినాను."

అప్పుడు వెలిగింది. తమిళంలో నల్ల అంటే మంచి. నేను నలుపు అడిగానని అనుకుంటే ఆయనకు మంచి చేప కావాలని వినిపించింది. మంచిదంటే కూరకు మంచిది. నేను తెలుగులో వివరించబోతే ఆయన నన్ను వింతగా చూశాడు.

"తెలుగు వచ్చునా నీకు? మా ఇంట్లో అందరమూ తెలుగేనమ్మా. ఫోనులో తెలుగులోనే చెప్పింటే సరిపోయిండును. అరవం ఎందుకు మాట్లాడితివి?"

ఆ మంచి చేపను పక్క బండిలో వేయించి ఇద్దరం తిన్నాం. కొల్లేటి కొరమీను పులుసుకు దీటు రాదని ఏలూరు పరువు కోసం అన్నాను గాని, ముల్లు దగ్గర కండ వరకూ వదలకుండా తిన్నాను. తర్వాత ఆయన తొట్టిలోంచి ఇంకొకటి ఎంచాడు. నా ముంజేయంత పొడుగు, పాము తల, వీపు కాటుక నలుపు. ధర మా ఊళ్లో కోడి మాంసానికి రెట్టింపు పైమాటే. ప్లాస్టిక్ క్యానులో అడుగున కాసిన్ని నీళ్లు పోసి, మూతకు మేకుతో చిల్లులు పొడిచి ఇచ్చాడు.

"ఇది మాత్రం కోయొద్దంటావు గదమ్మా. దీన్ని ఏం చేస్తావు మరి?"

"కోస్తాను" అన్నాను.

గురుబరపల్లి: టికెట్టు లేని ప్రయాణికుడు

తిరుగు బస్సులో క్యాను కాళ్ల మధ్య పెట్టుకున్నాను. ఉండుండి లోపల గుళుక్కుమని చప్పుడు. చేప పైకొచ్చి గాలి మింగుతోందన్నమాట. అది వినబడినంతసేపూ నాకు కులాసా. పక్కన కూర్చున్న ఆవిడ మాత్రం ప్రతి చప్పుడుకీ కాళ్లు కాస్త అటు జరుపుకుంది.

"ఏమ్మా, దాంట్లో ఏముండేది?"

"చేపండీ. ఊపిరి తీసుకుంటోంది."

"చేప ఊపిరి తీసుకుంటాదా?"

"మనలాగే."

ఆవిడ క్యాను వైపు, నా వైపు చూసి, ఎవరిని నమ్మాలో తేల్చుకోలేక కిటికీ వైపు తిరిగింది.

గురుబరపల్లి దగ్గర బస్సు ముందు చక్రం గాలి పోయింది. అందరం దిగి టీ బంకు ముందు చేరాం. చప్పుడు కాసేపుగా వినబడడం లేదని నాకు అనుమానం వచ్చి మూత కొద్దిగా ఎత్తాను. చేప నా కోసమే కాచుకున్నట్టు ఎగిరి, నా చీర మీదుగా బంకు బల్ల కిందికి పోయింది. అక్కడితో ఆగలేదు. ఒళ్లు అటూ ఇటూ విరుచుకుంటూ బియ్యప్పిండి ముగ్గు మీదుగా ఎదుటి టమాటా తోట వైపు బయల్దేరింది. జనం పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు. ఒక పెద్దాయన తువ్వాలు మీద వేసి పట్టుకుని నాకిచ్చాడు.

"నీళ్లలోకన్నా ఇది బయటే బాగుండాదే. నీళ్లు ఎందుకు పోసి చంపుతావమ్మా దీన్ని" అన్నాడు.

అందరూ నవ్వారు. చీరనిండా జిగురుతో నేనూ నవ్వాను. కండక్టరు దూరం నుంచే దానికి అర టికెట్టయినా తీయమన్నాడు.

మళ్లీ హోసూరు: ఒక్క 'కో'

సాయంత్రానికి చేప రుక్మిణమ్మగారి పెరట్లో స్టీలు డ్రమ్ములోకి మారింది. కొట్టులోదే, బియ్యం పోసుకునే పెద్ద డ్రమ్ము. ఆవిడే ఇచ్చారు. చేపను చూడలేదు, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని తల పక్కకు తిప్పి, "దానికి ఇంత అన్నం వెయ్యొచ్చునా?" అని మాత్రం అడిగారు. వేటాడి తినే చేప అని చెప్పడం ఇష్టం లేక, ఈ రాత్రికి ఉపవాసమన్నాను. ఆవిడకు దానిమీద గౌరవం పెరిగింది.

జానెడు లోతు నీళ్లు పోశాం. పైన బోలెడు గాలి. ఎగరకుండా మూత బిగించి సన్నికల్లు పెట్టాం. మూతకు ముందే మేకుతో చిల్లులు కొట్టాం.

ఆదివారం పొద్దున ఆకాశం మబ్బేసింది. నేనూ సుజాతా ముందు వెళ్లి బల్లా గాజు సామానూ శుభ్రం చేసి, తర్వాత వచ్చి చేపను తీసుకెళ్లాలని అనుకున్నాం. వాన పడితే చిల్లుల్లోంచి డ్రమ్ము నిండిపోతుందని నా భయం. చెప్పులు వేసుకుంటూ కొట్టులోకి కేకేసి చెప్పాను.

"అమ్మా, డ్రమ్ములో నీళ్లు నిండుకోకుండా కాస్త చూస్తూ ఉండండి."

"నేను చూసుకుంటాను, పోయి రాండమ్మా" అన్నారు.

వాన పడలేదు. మేము తిరిగి వచ్చేసరికి రుక్మిణమ్మగారు కొట్టు గడపలోనే ఎదురొచ్చారు. ముఖంలో పెద్ద పని చేసిన తృప్తి.

"ఒక్క తూరి గూడా నిండుకోనియ్యలేదమ్మా. మీరు పోతానే చిల్లుల్లో చూసినాను, అడుగున ఇంతే నీళ్లుండె. పాపం ఎట్ల ఉంటాదని మూత మీదనే బిందెలు బిందెలు పోసినాను. ఇప్పుడు మూత తాకతా ఉండాది."

నేను పెరట్లోకి పరుగెత్తాను. బియ్యం అయిపోతే అయిపోయాయని మన ఇళ్లలో ఎవరూ అనరు, నిండుకున్నాయంటారు. వర్తకుల ఇళ్లలోనైతే లేదనే మాటే నోటివెంట రాదు. నేను నిండకుండా అనబోయి నిండుకోకుండా అన్నాను. నీళ్లు పెరగనివ్వొద్దన్న మాట, నీళ్లు అయిపోనివ్వొద్దన్న మాటగా ఆవిడ చెవికి చేరింది. తెలుగు తెలిసిన ఎవరి చెవికైనా అలాగే చేరుతుంది. నిన్న నల్ల మాటకు తమిళాన్ని తిట్టుకున్నాను. ఈ రోజు తిట్టుకోవడానికి నా భాష తప్ప ఇంకేదీ లేదు.

మూత ఎత్తితే చేప వెల్లకిలా తేలింది. మూతి మూతకు ఆనుకుని ఉంది.

రుక్మిణమ్మగారు అప్పుడు మొదటిసారి దాన్ని చూశారు. "నీళ్లు పోస్తే చేప సచ్చిపోతుందా?" అన్నారు. ఆ ప్రశ్న మా క్లాసులో నేను ఏటా నవ్వు కోసం వాడుకునేది. అప్పుడు నాకు నవ్వు రాలేదు. చెప్పాను. ఆవిడ గడప మీద కూలబడ్డారు.

ల్యాబు: ఇంకా కబురు అందని వాళ్లు

ఓదార్చేందుకు టైము లేదు, నన్ను నేను తిట్టుకోవడానికీ లేదు. చేప చచ్చిపోయిందంటే గుండె ఆగింది, మెదడు ఆగింది. తల గదుల్లోని పొరలో ఉన్న కణాలకు ఆ కబురు అప్పుడే అందదు. వాటిలో కాస్త ఇంధనం మిగిలి ఉంటుంది. అదీగాక కొరమీను ఎండిపోయే గుంటల్లో, గాలి చాలని బురదలో బతకడం మరిగిన జాతి. ఆ కణాలు కూడా కొంచెం మొండివేనని నా ఆశ. మూలనున్న జ్యూసు బండి నుంచి ఐసు తెచ్చి, చేపను అందులో కూరి ఆటోలో కంపెనీకి పరుగెత్తాం.

తల అయోడిన్ నీళ్లలో కడిగాను. గది తెరిచాను. పొర ఇంకా ఎర్రగానే ఉంది. మందులు కలిపిన నీళ్లలో పదే పదే ముంచి తీసి, ఆవగింజంత ముక్కలు కోసి, గాజు పళ్లేల అడుగున పేర్చాను. పోషకాల ద్రవం అడుగు తడిసేంత మాత్రమే పోయాలి. ఎక్కువైతే ముక్కలు తేలిపోతాయి, అంటుకోవు. అంటుకోకపోతే బతకవు. ఈ కణాలకు ఏదో ఒక ఆధారం పట్టుకోనిదే బతుకు లేదు. నేను బొట్టు బొట్టుగా పోస్తుంటే, "ఈసారి నీళ్లు తక్కువే పోస్తున్నావు, పర్వాలేదు" అంది సుజాత. దాన్ని కొట్టాలనిపించింది గాని చేతులకు గ్లౌజులున్నాయి.

ఇంటికొచ్చేసరికి రుక్మిణమ్మగారి వంటింట్లో పొయ్యి వెలగలేదు. ఇంట్లో జీవహత్య జరిగిందని, తన చేతి మీదుగానే జరిగిందని, అన్నం మానేశారు. కాసిని పాలు తాగి కొట్టులో కూర్చున్నారు. మర్నాడూ అంతే. ముఖం పీక్కుపోయింది. బేరానికి వచ్చినవాళ్లు అడుగుతుంటే ఒంట్లో బాగాలేదన్నారు. నాకు తట్టుకోవడం కష్టమైంది. ఆవిడ పక్కన కూర్చుని నిజం చెప్పేశాను.

"అమ్మా, నేను దాన్ని చెరువులో వదిలేదాన్ని కాదు. తల కోస్తేగాని నాకు కావాల్సింది దొరకదు. మీరు నీళ్లు పోయకపోయినా నా చేతుల్లో చచ్చేదే. మీరు అన్నం తినండి."

ఆవిడ టిఫిను డబ్బా తుడవడం ఆపారు.

"నువ్వు చంపల్లనుకున్నావు. నేను చంపినాను. రెండూ ఒకటేనామ్మా?" అన్నారు. ఆ మీదట, "సుజాతకు అబద్ధం బాగా వచ్చును. నీకు రాదు" అని టిఫిను డబ్బాలు తుడుచుకోసాగారు.

నేను రిజిస్ట్రేషను సంగతి మరిచిపోయానని చెబితే అబద్ధం. రెండు భయాలూ కలిసే నన్ను తిన్నాయి. ఆ రోజు పళ్లేలు చూస్తే ముక్కలు ముక్కల్లాగే ఉన్నాయి. బూజు లేదు, బతుకూ లేదు.

ఆ తర్వాతి రోజు సుజాత డ్యూటీలో ఉండగా ఆమెతో వెళ్లి మైక్రోస్కోపులో తల పెట్టాను. ఒక పళ్లెం, ఏమీ లేదు. ఇంకో పళ్లెం, ముక్క అంచు మసకగా ఉంది. బూజేనని ప్రాణం ఉసూరుమంది. ఫోకస్ తిప్పాను. బూజు కాదు. ముక్క అంచు నుంచి పలచటి కణాలు ఒకదాన్నొకటి ఆనుకుని గాజు మీదికి పాకి వస్తున్నాయి. చచ్చిన చేపలోంచి నడిచి వస్తున్నాయి. నాకు ఏడుపొచ్చింది. సుజాత కళ్లద్దాలు తీసి తుడుచుకుని, ఏసీ ఎక్కువైందంది.

ఫోనులో ఫొటో తీసుకుని నేరుగా కొట్టుకొచ్చాను. గైడుగారికి ఇంకా పంపలేదు. రుక్మిణమ్మగారు ఫోను చేతిలోకి తీసుకుని దూరంగా పెట్టి చూశారు.

"ఇవి ఏందమ్మా?"

"ఆ చేపవేనమ్మా. దాని తలలోవి. బతికే ఉన్నాయి."

"చేప సచ్చిపోయింది గదా."

"చేప పోయింది. ఇవి గాజును పట్టుకున్నాయి. పట్టు దొరికితే ఈ జాతి కణాలు బతుకుతాయి, దొరక్కపోతే పోతాయి."

ఆవిడ ఫోను ఇవ్వలేదు. రెండు వేళ్లతో ఆ అంచు మీద మెల్లగా నిమిరారు. ఫొటో పెద్దదై, కణాలు తెరంతా వచ్చాయి.

"మా ఆయన పోయినప్పుడు అంగడి మూసేయమనిరి అందరూ. నేను వచ్చి ఈ గల్లా ముందర కూర్చొంటిని. లేకుంటే నేనూ పోయిందును" అన్నారు, ఫోనులోకే చూస్తూ.

అంతలో ఒకాయన వచ్చి ఇడ్లీ పాత్ర చూపించమన్నాడు. ఆవిడ లేచి, ఫోను నా చేతిలో పెట్టి, పై అరలోని పాత్ర దించుతూ వెనక్కి తిరగకుండానే అన్నారు.

"నేను ఈ బేరం చూసుకొని వస్తాను. నువ్వు లోపలికి పోయి ఇద్దరికీ బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టమ్మా. ముందు చేతులు సబ్బుతో కడుక్కో."

నేను రెండుసార్లు కడుక్కున్నాను.